మాకు ఒక్క ఆదివారం పొద్దు ఇప్పించండి: తెలంగాణ పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మాది హైదరాబాద్ మలక్‌పేట. 31 ఏళ్లు ప్రభుత్వ బడుల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి కంపెనీ పని మీద రెండేళ్లుగా కొలంబియా రాజధాని బొగొతాలో ఉంటున్నాడు. మొన్న జూలైలో నేనూ మా వారూ వాడి దగ్గరికి వెళ్లి, ఒక వారం పాటు ఆ ఊరంతా తిరిగి చూసి వచ్చాం. అక్కడ చూసిన వాటిల్లో ఒకటి, ఆదివారం పొద్దున బండ్లు ఆపి రోడ్డును జనానికి వదిలేయడం, మన ఊళ్లో మీరు తలుచుకుంటే జరిగే పని. దాని కోసమే ఈ ఉత్తరం.

ముందుగా ఒక మాట. బొగొతా మనకంటే అన్నిట్లో ముందున్న ఊరని చెప్పడానికి రాయడం లేదు. అక్కడ ఇంకా మెట్రో రైలు లేదు. మొదటి లైను స్తంభాలు ఇప్పుడిప్పుడే లేస్తున్నాయి. మనకు 2017 నుంచే ఉంది. అక్కడ 2000లో మొదలైన ట్రాన్స్‌మిలేనియో బస్సులకు రోడ్డు మధ్యలో ప్రత్యేకమైన దారులున్నాయి. అయినా సాయంత్రం వేళ వాటిలో కాలు పెట్టే సందుండదు. జేబుదొంగల భయం కూడా ఉంది. దిగిన రోజే మా అబ్బాయి వాళ్ల సామెత ఒకటి నేర్పాడు: "నో దార్ పపాయా". అంటే బొప్పాయి పండు ఇవ్వొద్దని. దొంగకు నువ్వే అవకాశం ఇవ్వకు అని అర్థం. అందుకని వారమంతా ఫోన్లు లోపలి జేబుల్లోనే దాచుకుని తిరిగాం. ఊరు సముద్రమట్టానికి 2,640 మీటర్ల ఎత్తున ఉంది. మొదటి రెండు రోజులు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. జూలైలో కూడా స్వెటర్ విప్పలేదు.

సోమవారం మోన్సెరాతె కొండెక్కాం. ఊరిని ఆనుకునే ఉంది, 3,152 మీటర్లు. పైన చర్చిలో సిలువ మోస్తూ కింద పడిపోయిన ఏసుక్రీస్తు విగ్రహం ఉంది. దానికి మొక్కుకున్నవాళ్లు కాలినడకన కొండెక్కుతారు. మాకు ఓపిక లేక రైల్లో వెళ్లాం. ఏటవాలు పట్టాల మీద తాడుతో లాగే ఆ చిన్న రైలు 1929 నుంచి నడుస్తోంది. మెట్ల దారిలో దిగి వచ్చేవాళ్ల ముఖాలు చూస్తే అలిపిరి గుర్తొచ్చింది.

బుధవారం మా అబ్బాయి సియుదాద్ బొలీవార్ తీసుకెళ్లాడు. అది ఊరికి దక్షిణాన కొండల మీద పేదలు ఇళ్లు కట్టుకున్న ప్రాంతం. 2018 డిసెంబరులో అక్కడికి కేబుల్ కార్లు వేశారు. మూడు కిలోమీటర్ల పైచిలుకు దారి, నాలుగు స్టేషన్లు. అంతకుముందు వంకర రోడ్లలో గంట పట్టే దూరానికి ఇప్పుడు పావుగంట చాలు. ఇళ్లల్లో పనికి వెళ్లి వచ్చే ఆడవాళ్లు, బడి సంచులతో పిల్లలు, బస్సుకు వాడే కార్డుతోనే అందులో ఎక్కి దిగుతున్నారు. ఇప్పుడు మాలాంటి వాళ్లు కూడా రంగులు వేసిన ఆ ఇళ్లను చూడడానికి పనిగట్టుకుని వెళుతున్నారు. ఆ బస్తీ కుర్రాళ్లే గైడ్లుగా తిప్పి చూపిస్తున్నారు. మంత్రి గారూ, అది పర్యాటకుల కోసం కట్టింది కాదు. అక్కడి వాళ్ల కాళ్ల నొప్పి తీర్చడానికి కట్టింది. వారం తిరిగాక నాకు అనిపించిందేమిటంటే, ఆ ఊళ్లో మేం చూసి మురిసినవన్నీ దాదాపు ఇలాంటివే.

మధ్యలో ఉప్పు గనిలోని చర్చి, కొలంబియా చిత్రకారుడు ఫెర్నాందో బొతేరో మ్యూజియం చూశాం. బొతేరో 2000లో తన 123 బొమ్మలను, తాను సేకరించిన ఇతరుల బొమ్మలు 85 జాతికి ఇచ్చేశాడు. అక్కడ టికెట్ లేదు. బడిపిల్లలు నేల మీద బోర్లా పడుకుని, ఆయన గీసిన లావుపాటి మోనాలిసాను చూసి గీసుకుంటున్నారు. వాళ్ల టీచరమ్మను ఆపి మాట్లాడాలనిపించింది కానీ నాకు స్పానిష్ రాదు.

ఇక ఆదివారం సంగతి.

పొద్దున్నే కాఫీ తాగుతుంటే మా అబ్బాయి, "నాన్నా, బూట్లు వేసుకో, రోడ్డు మీద నడుద్దాం" అన్నాడు. మా వారు తల అడ్డంగా ఊపారు. దానికి కారణం చెప్పాలి. మూడేళ్ల కిందట మా వీధి చివర పొద్దుటి నడకకు వెళ్లినప్పుడు, రాంగ్ రూట్‌లో వచ్చిన మోటార్ సైకిల్ ఆయన్ను గుద్దింది. ఫుట్‌పాత్ అనేదే లేని చోట రోడ్డు అంచున నడవక ఏం చేస్తారు? మోకాలి చిప్ప విరిగింది. ఆపరేషన్ అయింది, ఎముక అతుక్కుంది. భయం మాత్రం పోలేదు. అప్పట్నుంచీ ఆయన నడక మా డాబా మీదే. వాటర్ ట్యాంకు దగ్గర్నుంచి బట్టలారేసే తీగ దాకా, మళ్లీ వెనక్కి.

బలవంతం మీద బయల్దేరాం. నేషనల్ పార్కు ముందు, కరేరా సెప్తిమా అనే పెద్ద రోడ్డు. ఏడో నంబరు వీధి అన్నమాట. ఆ ఊరికి వెన్నెముక లాంటిది, మనకు అబిడ్స్ రోడ్డులాగా. రోడ్డులో ఒక పక్క మొత్తం ఒక్క కారు లేదు, ఒక్క బైకు లేదు. అంతా మనుషులే. చుక్కల గౌను పాప ఒకతె నడిరోడ్డు మీద సైకిల్ నేర్చుకుంటోంది. వాళ్ల నాన్న వెనక సీటు పట్టుకుని వంగి పరుగెడుతున్నాడు. చేయి వదిలేశాడు. పాపకు తెలియదు, తొక్కుతూనే ఉంది. తెలిశాక కెవ్వున అరిచి ఆగిపోయి, వెనక్కి తిరిగి నవ్వింది. చక్రాల కుర్చీలో ఒక ముసలావిడను కూతురు కాబోలు తోసుకెళుతోంది. కుక్కలు, స్కేట్లు, తోపుడు బండ్లలో కవలలు. చెట్టు కింద ఒకాయన పంపులూ స్పానర్లూ పరుచుకుని పంక్చర్లు వేస్తున్నాడు. పార్కులో పాట పెట్టి, ఒక కుర్రాడు ఎదురుగా నిలబడి ఎక్సర్‌సైజులు చేయిస్తుంటే వందమంది దాకా చేస్తున్నారు. దానికీ డబ్బులు లేవు.

పచ్చి మామిడికాయ అమ్మే ఆమె దగ్గర ఆగాం. కాయను సన్నగా పొడుగ్గా కోసి, గ్లాసులో వేసి, ఉప్పు చల్లి, నిమ్మకాయ పిండి ఇచ్చింది. మన బడి గేటు ముందు అమ్మే మామిడి ముక్కలే, కారం ఒక్కటే తక్కువ. మా వారు ఆ గ్లాసు పట్టుకుని రోడ్డు మధ్య తెల్లగీత మీద నడవడం మొదలుపెట్టారు. ఆయాసం వస్తే ఆగేవారు, మళ్లీ నడిచేవారు. వెనక్కి తిరిగి చూడడం మానేశారు. మూడేళ్లలో ఆయన అలా నడవడం నేను చూడలేదు. అక్కడి నుంచి గోల్డ్ మ్యూజియం దాకా రెండు కిలోమీటర్ల పైనే ఉంటుంది. మొత్తం నడిచారు.

ఆ మ్యూజియం వాళ్ల రిజర్వు బ్యాంకుది. 1939లో మొదలైంది. మామూలు రోజుల్లో కొద్దిపాటి టికెట్ ఉంటుంది, ఆదివారం అదీ లేదు. అందుకే లోపలంతా అమ్మమ్మలూ మనవలూ. అక్కడ జానెడు కూడా లేని ఒక బంగారు తెప్ప ఉంది. పొడవు 19.5 సెంటీమీటర్లు. మధ్యలో దొర, చుట్టూ సూదులంత సన్నటి మనుషులు. ముయిస్కా జాతి దొర ఒంటినిండా బంగారు పొడి పూసుకుని, గువతవీతా సరస్సు నడుమ నిలబడి బంగారం నీళ్లలో వదిలేవాడట. ఎక్కడో బంగారు దేశం ఉందనే ఎల్ డొరాడో కథ పుట్టింది అక్కడే. 1969లో పాస్కా దగ్గర ఒక గుహలో, మట్టి కుండలో రైతులకు ఈ తెప్ప దొరికింది. పాఠంలో ఎల్ డొరాడో అని ఎన్నిసార్లు నల్లబల్ల మీద రాశానో లెక్కలేదు. ఆ తెప్ప ముందు నిలబడితే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా పక్కన ఒక తాత, మనవణ్ణి ఎత్తుకుని అదే చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. వాళ్లు కూడా రోడ్డు మీద నడుచుకుంటూనే వచ్చినట్టున్నారు. పిల్లాడి చేతిలో మామిడికాయ గ్లాసు.

ఈ ఆదివారపు రోడ్డును అక్కడ సిక్లోవియా అంటారు. దాని చరిత్ర మీరు తెలుసుకోవాలి. 1974 డిసెంబరులో ఊరు కార్లతో నిండిపోతోందని జైమే ఒర్తీస్ మరీన్యో అనే ఆర్కిటెక్టు, ఆయన మిత్రులు కలిసి జనాన్ని సైకిళ్ల మీద రోడ్డెక్కించారు. రెండేళ్లకు నగర పాలన దాన్ని అధికారికం చేసింది. మధ్యలో నీరసించిపోయింది కూడా. 1990ల నడుమ మళ్లీ పట్టుబట్టి దారులు పెంచారు. ఇవాళ ప్రతి ఆదివారం, ప్రతి సెలవు రోజు, పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా 120 కిలోమీటర్లకు పైగా రోడ్లు జనానివి. ఎండ వచ్చినా వాన వచ్చినా అదే వేళ, అవే రోడ్లు. అందుకే ఈ వారం ఉందా లేదా అని అక్కడ ఎవరూ అడగరు.

ఊరు స్తంభించిపోదా అని మీ అధికారులు అడుగుతారు. నేనూ మా అబ్బాయిని అదే అడిగాను. రెండు పక్కలున్న రోడ్డులో చాలాచోట్ల ఒక పక్కే మూస్తారు. రెండో పక్కన రానూ పోనూ బండ్లు నడుస్తాయి. బస్సుల దారులు బస్సులకే ఉంటాయి. కూడళ్లలో 'పారె', అంటే ఆగు, అని రాసిన ఎర్రబోర్డులు పట్టుకుని యూనిఫాం కుర్రాళ్లు నిలబడతారు. బోర్డు ఎత్తితే జనం ఆగుతారు, దించితే బండ్లు ఆగుతాయి. దీన్ని నడిపేది పోలీసులు కాదు, నగరపు క్రీడల, పార్కుల సంస్థ. హైస్కూలు పై తరగతుల పిల్లలు తమ సామాజిక సేవ గంటలను ఇక్కడ పూర్తి చేయొచ్చు.

మనం ఈ ప్రయత్నం చేయలేదని అనను. 2021లో ట్యాంక్‌బండ్ మీద 'సండే ఫన్‌డే' పెట్టినప్పుడు మేమిద్దరం మనవరాలిని తీసుకుని వెళ్లాం. బాగుంది. పోలీసు బ్యాండు, చేనేత స్టాళ్లు, తినుబండారాలు. కానీ అది ఒక కార్యక్రమం. స్టేజీ కావాలి, లైట్లు కావాలి, ఖర్చు కావాలి. అందుకే ఎడతెగకుండా సాగలేదని నా నమ్మకం. బొగొతాలో స్టేజీ లేదు. ఉన్న రోడ్డునే ఏడు గంటల పాటు జనానికి వదిలేస్తారు, అంతే.

నేను అడిగేది 120 కిలోమీటర్లు కాదు. ట్యాంక్‌బండ్ నుంచి బషీర్‌బాగ్, అబిడ్స్, మొజంజాహీ మార్కెట్, అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటి చార్మినార్ దాకా ఒక్క దారి. ఆదివారం పొద్దున 6 నుంచి 10 దాకా. ఒక్క పక్కే. రెండో పక్క బస్సులకు, ఉస్మానియా ఆసుపత్రికి వెళ్లే అంబులెన్సులకు ఉంచండి. ఆ దారిలో ఏముందో మీకు నేను చెప్పాలా? అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. నా సర్వీసులో చదివిన పుస్తకాల్లో సగం అక్కడ కొన్నవే. అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. మూసీ దాటగానే సాలార్‌జంగ్ మ్యూజియం. నెలకు ఒక్క ఆదివారమైనా దానికి టికెట్ తీసేయమని కేంద్రానికి మీరు ఉత్తరం రాయండి. ఇరానీ చాయ్ హోటళ్లు పొద్దున్నే తెరిచే ఉంటాయి. బయటి దేశాల వాళ్లను రప్పించడానికి మీ శాఖ ప్రకటనలు ఇస్తుంది కదా. ఆ దారిలో మలక్‌పేట ముసలివాళ్లు నడుస్తూ, పాతబస్తీ పిల్లలు సైకిళ్లు నేర్చుకుంటూ కనిపిస్తే, అదే వాళ్లు వచ్చి చూస్తారు.

ట్రాఫిక్ పోలీసులు, జీహెచ్ఎంసీ మీ శాఖ కిందికి రారని నాకు తెలుసు. వాళ్లిద్దర్నీ, మీ శాఖ వాళ్లనూ ఒక గదిలో కూర్చోబెట్టగలిగేది మీరే అనుకుని మీకు రాస్తున్నాను. ముందు మూడు నెలలు చేసి చూడండి. వాన పడినా, వీఐపీ వచ్చినా, ఒక్క వారం కూడా తప్పించకండి. కూడళ్లలో బోర్డులు పట్టుకోవడానికి మనుషులు చాలరంటే, నా పాత విద్యార్థుల్ని నేను పోగుచేస్తాను. 31 ఏళ్లు ప్రార్థనకు పిల్లల్ని వరుసల్లో నిలబెట్టినదాన్ని, ఒక కూడలి నేనూ చూసుకోగలను.

తారీఖు చెప్పండి. ఆ ఆదివారం పొద్దున ఆరింటికి మొజంజాహీ మార్కెట్ గడియారం కింద ఉంటాం. బొగొతా నుంచి వచ్చాక మా వారు ఆ బూట్లు మళ్లీ వేసుకోలేదు. తుడిచి గుమ్మం పక్కనే పెట్టుకున్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
మలక్‌పేట, హైదరాబాద్