బండి వంటకు మంచి నూనె ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

హైదరాబాద్ వీధి బండ్ల మీద దొరికే నూనె వంటకాలు ఆరోగ్యానికి చేటని, ఆ బండ్లను రోడ్ల పక్క నుంచి తొలగించాలని కోరేవారు తరచుగా కనిపిస్తున్నారు. వారి ఆందోళనలో నిజం లేకపోలేదు. కాని ఇంతమంది ఆ బండ్ల చుట్టూ నిలబడి ఎందుకు తింటున్నారో ఆలోచించకుండా చేసే ఏ సూచనా ఆచరణలో నిలవదని నా అభిప్రాయం.

మరిగే నూనెలో పడిన మిర్చి బజ్జీలోంచి నీరు ఆవిరై బయటికి తన్నుకొస్తున్నంతసేపు నూనె లోపలికి పెద్దగా చొరబడదు. ఈలోగా పైపొర ఎండి, దాని వేడి సుమారు 140 డిగ్రీలు దాటాక ఎర్రబడి, కమ్మని వాసన పుడుతుంది. బాణలి నుంచి తీసి చల్లారనిస్తే మాత్రం లోపలి ఆవిరి ఆ పొరను మెత్తబరుస్తుంది, పైన అంటిన నూనె లోపలికి ఇంకుతుంది. అంటే బజ్జీ రుచికి ఉన్న ఆయుష్షు కొన్ని నిమిషాలే, ఆ నిమిషాలు దాటకుండా దాన్ని తినేవారి చేతిలో పెట్టగలిగేది బండి. డబ్బాలో మూసి ఇంటికి తెప్పించుకున్న పునుగులు తమ ఆవిరికి తామే నానిపోతాయి. వేయించిన మిర్చిని ముక్కలుగా కోసి, మళ్లీ నూనెలో వేసి తీసి, ఉల్లిపాయ ముక్కలు చల్లి, నిమ్మకాయ పిండి ఇచ్చే కట్ మిర్చి గురించి ఇక చెప్పనక్కరలేదు.

వెన్న సంగతి వేరు. నాంపల్లిలో తెల్లవారకముందే మొదలయ్యే రామ్ కీ బండీ దగ్గర గాని, చార్మినార్ వైపు గోవింద్ బండి దగ్గర గాని, దోశ పెనం మీద ఉండగానే దానిపై వెన్న, ఉప్మా, కారప్పొడి వేసి మెదిపి పరుస్తారు. మసాలా దినుసుల సువాసనలు నీటిలో కన్నా కొవ్వులో బాగా కరుగుతాయి కనుక, వెన్న తగ్గితే ఆ దోశ పరిమళమూ తగ్గుతుంది. రాత్రి పని ముగించుకొని గచ్చిబౌలి డీఎల్‌ఎఫ్ వీధిలోని ఫుడ్ ట్రక్కుల దగ్గరికి వచ్చే ఉద్యోగి, తెల్లవారుజామున ఆటో పక్కన ఆపి ప్లేటు అందుకునే డ్రైవరు కోరుకునేది ఇలాంటి వేడి వేడి, బరువైన తిండినే. దాన్ని నేను బలహీనత అనను. రోజంతా కష్టపడిన మనిషికి అది న్యాయంగా దక్కవలసిన సంతోషం. రోజూ తినదగింది కాదన్నదీ నిజమే, ఆ సంగతి తినేవారికీ తెలుసు.

అసలు ప్రమాదం ఒకే నూనెను మళ్లీ మళ్లీ మరిగించి వాడటంలో ఉంది. నూనె పదే పదే కాగి విరిగిపోయేకొద్దీ అందులో పెరిగే పదార్థాలైన టోటల్ పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడరాదన్న జాతీయ ఆహార భద్రతా నియమం 2018 జూలై నుంచే అమలులో ఉంది. వేడి నూనెలో ముంచితే ఆ శాతాన్ని అక్కడికక్కడే చూపించే చేతి మీటర్లూ ఉన్నాయి. అయితే వాడిన నూనెకు లెక్కలు రాసి, దాన్ని అధీకృత సేకరణదారులకు అప్పగించాలన్న నిబంధన రోజుకు 50 లీటర్లకు మించి వేపుడుకు వాడే సంస్థలకు వర్తిస్తుంది. రోజుకు నాలుగైదు లీటర్లతో నడిచే బజ్జీ బండి ఆ లెక్కలోకి రాదు. మిగిలిన రెండు లీటర్ల నల్లటి నూనెను కొనేవారు లేనప్పుడు, చిన్న వ్యాపారి దాన్ని మరునాటి కొత్త నూనెలో కలపకుండా ఉంటాడని ఆశించడం కష్టం. పారబోస్తే డబ్బు పోవడమే కాక, మురుగు కాలువ కూడా పూడుకుపోతుంది.

2024 అక్టోబరులో పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించినప్పుడు, దాన్ని నంజుకోవడానికి ఇచ్చే మోమో బండ్లన్నిటినీ మూసివేయలేదు. హాని చేసే పదార్థాన్ని గుర్తించి ఆపింది. నూనె విషయంలోనూ అదే దారి పట్టాలి.

చోటు సంగతి కూడా ఒక మాట. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. సర్వే జరిపి, ధ్రువపత్రాలిచ్చి, అమ్ముకునే చోట్లు నిర్ణయించాలని అది చెబుతోంది. అయినా 2024 జనవరిలో మాదాపూర్‌లో ట్రాఫిక్ కారణంగా పోలీసులు తరలించబోయిన ఒక భోజనాల బండి కోసం స్వయంగా ముఖ్యమంత్రే జోక్యం చేసుకోవలసి వచ్చింది. ప్రతి బండికీ ఆ అదృష్టం పట్టదు. రేపు ఎక్కడ నిలబడతాడో తెలియని వ్యాపారి మంచి నూనె మీద, నీటి వసతి మీద ఖర్చు పెట్టడానికి వెనకాడతాడు.

కాబట్టి నగరపాలక సంస్థ, ఆహార భద్రతా విభాగం కలిసి బండ్లు ఎక్కువగా ఉన్న వీధుల్లో వాడిన నూనెను కొద్ది పరిమాణంలోనైనా డబ్బిచ్చి సేకరించే ఏర్పాటు చేయాలని, మీటరుతో పరీక్షించి ఆ ఫలితాన్ని బండి మీదే కనబడేలా అతికించాలని కోరుతున్నాను. ఈ బండ్లలో చాలావరకు నడిచేది తెల్లవారుజామున, రాత్రి వేళ. పరీక్షలు కూడా ఆ వేళల్లోనే జరగాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
చిక్కడపల్లి, హైదరాబాద్