అమ్మకు, మంగళవారం స్కాన్ గురించి

బర్మింగ్‌హామ్,
శుక్రవారం రాత్రి.

అమ్మా,

ఫోన్‌లో చెబితే నువ్వు సగం విని ఏడుస్తావు, నాన్నేమో స్పీకర్ ఆపెయ్యమంటారు. అందుకే రాసి తమ్ముడి వాట్సాప్‌కి పంపిస్తున్నాను, ప్రింటు తీయించి నీ చేతికిమ్మన్నాను. నిదానంగా చదువుకో. ఇక్కడ అందరం బాగున్నాం. ఉద్యోగం మామూలే. చిన్నాడికి జలుబు తగ్గింది.

నాన్నకి పెట్ స్కాన్ అన్నప్పటినుంచీ నీ గొంతే మారిపోయింది. "ఒంట్లోకి రేడియేషన్ ఎక్కిస్తారటగా" అన్నావు. ఎక్కించేది చక్కెర లాంటి మందమ్మా. గ్లూకోజుకి ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పదార్థం తగిలిస్తారు. చక్కెర బాగా తినే కణాలు దీన్నీ లాక్కుంటాయి, కానీ అరిగించుకోలేవు, అది లోపలే ఉండిపోతుంది. అక్కణ్ణుంచి వచ్చే కిరణాలను పట్టుకుని మిషన్ బొమ్మ కడుతుంది. 110 నిమిషాలకోసారి దాని బలం సగానికి పడిపోతుంది. పొద్దున తొమ్మిదింటికి ఇస్తే ఒంటిగంటకల్లా పావువంతే మిగులుతుంది, రాత్రి పడుకునే వేళకి దాదాపు ఏమీ ఉండదు. సీటీలో కనబడిన ఆ 14 మిల్లీమీటర్ల మచ్చ చక్కెర లాక్కుంటోందా, అలాంటిది ఇంకెక్కడైనా ఉందా అని చూడటానికే ఇదంతా.

ఇవన్నీ నీకెలా తెలుసే అంటావు. నాకూ చేశారమ్మా, నిరుడు.

దసరాకి వస్తానని రాలేదే, అప్పుడు. మెడ పక్కన గడ్డ వచ్చింది. వీడియో కాల్‌లో నువ్వు "చిక్కిపోయావేమే" అంటే నైట్ డ్యూటీలని చెప్పాను. కోప్పడకు. నాన్న కంటి ఆపరేషన్ అయిన నెల అది. నువ్వు ఇక్కడికి రాలేవు, అక్కడ కూర్చుని అన్నం మానేసేదానివి. దాచడం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఇంకా దాచిపెట్టుకుని నీకు ధైర్యం చెప్పడం నావల్ల కావట్లేదు.

నా గడ్డ స్కాన్‌లో బాగా వెలిగింది. ఎంత చక్కెర లాక్కుందో చెప్పడానికి రిపోర్టులో ఎస్‌యూవీ అని ఒక అంకె వేస్తారు, నాది 8 దాటింది. ఆ అంకె పట్టుకుని నెట్‌లో వెతికి, క్యాన్సరేమోనని ఆ రాత్రి నేనూ మీ అల్లుడూ కన్ను మూయలేదు. తర్వాత సూదితో ముక్క తీసి పరీక్ష చేస్తే టీబీ అని తేలింది. ఆర్నెల్లు మాత్రలు వేసుకున్నాను, గడ్డ కరిగిపోయింది, ఇప్పుడు ఏమీ లేదు. ఇన్‌ఫెక్షన్ ఉన్నా, వాపు ఉన్నా అక్కడి కణాలు కూడా చక్కెర బాగా లాక్కుంటాయి. నాన్నదీ అదే అని నేననట్లేదు, అలా అనడానికి నేనెవర్ని? రిపోర్టు రాగానే తమ్ముడు ఫోన్‌లో వెతికి ఏదో ఒకటి తేల్చెయ్యకూడదు, అంతే. డాక్టరుగారు బయాప్సీ, అంటే నాకు చేసినట్టు ముక్క తీసి పరీక్ష, కావాలంటే చేయించండి. ఏమీ వెలగలేదన్నా, మళ్లీ కొన్నాళ్లకు సీటీ తీయించమంటే మానొద్దు, నెమ్మదిగా పెరిగే గడ్డలు ఒక్కోసారి వెలగవు. మెదడు, మూత్రపిండాలు, మూత్రాశయం ఎవరికైనా వెలుగుతాయి. ఆ బొమ్మ చూసి బెంబేలెత్తకు.

ఆవకాయ పెట్టావా? ఈసారి కాయలు ఇంట్లోవేనా, కొన్నావా?

నాన్న షుగర్ మాత్రల సంగతి ఈ వారాంతంలోపే సెంటర్‌కి ఫోన్ చేసి అడగాలి. మెట్‌ఫార్మిన్ వేసుకుంటే పేగులు వెలుగుతాయని కొన్నిచోట్ల 48 గంటల ముందే ఆపమంటారు, కొన్నిచోట్ల అక్కర్లేదంటారు. మీ అంతట మీరు ఆపకండి. ఆ పొద్దున సూదికి ముందు షుగర్ చూస్తారు, 200 దాటితే వెనక్కి పంపించినా పంపిస్తారు. సోమవారం పొద్దున వాకింగ్ వద్దు. కండరాలు అలిసిపోతే చక్కెరంతా అవే లాగేసుకుంటాయి. ఆ రోజు అన్నం, ఇడ్లీ, మామిడిపళ్లు పక్కన పెట్టి గుడ్డు అట్టు, తోటకూర వేపుడు, చేప ముక్కలు పెట్టు. అన్నం లేనిది భోజనమేమిటంటారు, ఒక్కరోజే అని చెప్పు. స్కాన్‌కి ఆరు గంటల ముందునుంచి మంచినీళ్లు తప్ప ఇంకేదీ వద్దు. కాఫీ, చక్కెర లేనిదైనా సరే, వద్దు. ఎండకి మంచిదని కొబ్బరినీళ్లు పట్టకు, అందులోనూ చక్కెరే. వక్కపొడి కూడా వద్దు, నమిలితే దవడలు వెలుగుతాయి. పరగడుపున షుగర్ పడిపోయి చెమటలు పడితే ఓర్చుకోకుండా వెంటనే అక్కడివాళ్లకి చెప్పాలి.

కారులో తొందరగా బయల్దేరండి. ఆ మందు నిలవ ఉండదు, ఆ టైముకని తెప్పిస్తారు.

ఒక్క విషయం ముందే చెప్పాలి. సూది వేశాక నాన్నని ఒక చిన్న గదిలో గంటసేపు కదలకుండా పడుకోబెడతారు. నిన్ను రానివ్వరు. నాకు ఆ గంటే కష్టమైంది. ఒక పెద్దావిడ బరువైన లోహపు డబ్బాలో సిరంజి తెచ్చి, మందు ఎక్కించి, దుప్పటి మెడదాకా కప్పి, లైటు తగ్గించి వెళ్లిపోయింది. మనల్ని చూసి భయపడి కాదు, వాళ్లకి రోజూ ఇదే పని కాబట్టి ఎక్కువసేపు దగ్గర ఉండరు. ఫోన్ లేదు, పుస్తకం లేదు. తలుపు అవతల ఎవరిదో చెప్పుల చప్పుడు వినిపిస్తుంటే నువ్వే వస్తున్నావేమో అనిపించింది. నాన్న అక్కడివాళ్లతో కబుర్లు పెట్టుకోకూడదు, విష్ణు సహస్రనామం కూడా మనసులోనే. మాట్లాడితే గొంతు కండరాలు వెలుగుతాయి. చలివేసినా మెడ దగ్గర కొవ్వు వెలుగుతుంది, ఎండాకాలమని చూడకుండా శాలువా పట్టుకెళ్లు. ఆ తర్వాత మూత్రానికి వెళ్లొచ్చి మిషన్‌లో పడుకుంటే అరగంటలోపు అయిపోతుంది. ఎమ్మారైలా దడదడ శబ్దాలుండవు.

ఇంటికొచ్చాక నీళ్లు బాగా తాగించు. మరదలికి ఏడో నెల కదా, ఆ రోజుకి వాళ్ల పుట్టింటికి వెళ్లమను. బుజ్జిదాన్ని కూడా తీసుకెళ్లమను. తాతయ్య ఒళ్లో కూర్చోవాల్సిందేనని గొడవ చేస్తుంది.

బయల్దేరేముందు నువ్వు నోట్లో ప్రసాదం పెడతావని నాకు తెలుసు. కొంగున కట్టుకుని ఉంచు, బయటికొచ్చాక పెట్టు. నాన్న లోపలికి వెళ్లగానే నాకు ఫోన్ చెయ్యి. ఇక్కడ తెల్లవారుజాము నాలుగున్నర అవుతుంది, మెలకువగానే ఉంటాను. ఆ గంటా మాట్లాడుకుందాం, ఆవకాయ గురించే అయినా సరే.

నీ పెద్దమ్మాయి

తా.క. మర్చిపోయాను. మిషన్‌లో చేతులు తలమీదికి చాపి ఉంచమంటారు. నాన్నకి కుడి భుజం పట్టేసింది కదా, ముందే చెబితే కింద దిండు పెడతారు. ఆయన చెప్పరు. నువ్వే చెప్పు.