ఏ సర్వీసులోకి లాగిన్ అయ్యారో తేల్చని క్లస్టరు, ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోని మీ సపోర్టు

సపోర్టు విభాగం మేనేజరు గారికి,

అయ్యా,

మీరు అమర్చిన రెండు నోడ్ల క్లస్టరు (ఒకటి ఆగితే రెండోది పని అందుకునే సర్వర్ల జత) గురించి ఈ ఉత్తరం. లోపం చిన్నదే, అలాంటివి ఎక్కడైనా వస్తాయి. మా కోపం దాని మీద కాదు. చెప్పింది చెవిన వేసుకునే మనిషి మీ సపోర్టులో దొరకడం లేదు.

మొదటి టికెట్‌లోనే సంగతంతా రాశాం. అకౌంట్స్‌కి ఒక వర్చువల్ ఐపీ (ఏ నోడ్‌కైనా మార్చగల చిరునామా), జీతాలకి ఇంకొకటి. అకౌంట్స్ మొదటి నోడ్‌లో, జీతాలు రెండో నోడ్‌లో నడుస్తాయి. రెండోది పడిపోతే క్లస్టరుని నడిపే పేస్‌మేకర్ సాఫ్ట్‌వేర్ జీతాల ఐపీని మొదటి నోడ్‌కి తెస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. మీ లాగిన్ స్క్రిప్టు మాత్రం హోస్ట్‌నేమ్ (నోడ్ పేరు) చూసి మెనూ తెరుస్తుంది. మొదటి నోడ్ అంటే అకౌంట్సే అని అందులో రాసిపెట్టారు. దాంతో ఫెయిలోవర్ (ఇలా పని ఇంకో నోడ్‌కి మారడం) అయినప్పుడల్లా బ్రాంచి నుంచి జీతాల ఐపీకి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) చేసిన గుమస్తాకి అకౌంట్స్ మెనూ వచ్చేస్తోంది. అందులో ఒక ఎంట్రీ పడితే ఆడిటర్‌కి జవాబు చెప్పేది మీరా, మేమా?

దీనికి మీ వాళ్లు ముందు హోస్ట్‌నేమ్ కమాండ్ కొట్టి స్క్రీన్‌షాట్ పంపమన్నారు. అది నోడ్ పేరు చెబుతుంది, సర్వీసు పేరు చెప్పదు. మా గొడవే అది. అయినా పంపాం. తర్వాత వచ్చినతను 'హూ' కమాండ్ అవుట్‌పుట్ అడిగాడు. యూజర్ ఎక్కడి నుంచి వచ్చాడో అందులో ఉంటుంది, ఏ ఐపీకి వచ్చాడో ఉండదు. ఆ తర్వాత ఒకావిడ పుట్టీ (మేం లాగిన్‌కి వాడే ప్రోగ్రాం) తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. మనిషి మారినప్పుడల్లా మొదటి నుంచి చెప్పుకు రావాలి. పాత మెసేజ్‌లన్నీ అదే టికెట్‌లో ఉన్నా ఎవరూ పైకి జరిపి చూడరు. ఫోన్ చేస్తే "సీనియర్ ఇంజనీర్ కాల్ బ్యాక్ చేస్తారండి" అంటారు. ఆ సీనియర్ గొంతు మేం ఇంతవరకూ వినలేదు. ఆఖరికి "మీ వైపు నుంచి స్పందన లేనందున మూసివేస్తున్నాం" అని టికెట్ మూసేశారు. ఆ లైనుకి సరిగ్గా పైనే మేం పంపిన జవాబు, లాగ్ ఫైలుతో సహా ఉంది.

ఆ జవాబులో పరిష్కారం కూడా రాశాం. లాగిన్ అయినప్పుడు సర్వర్ నింపే ఎస్ఎస్‌హెచ్_కనెక్షన్ (SSH_CONNECTION) వేరియబుల్‌లో వరసగా యూజర్ ఐపీ, యూజర్ పోర్టు, సర్వర్ ఐపీ, సర్వర్ పోర్టు ఉంటాయి. మూడోదే యూజర్ తట్టిన తలుపు. ఫెయిలోవర్ అయి ఉండగా మేం చూస్తే అక్కడ జీతాల ఐపీ 10.20.5.32 ఉంది, అదే సెషన్‌లో హోస్ట్‌నేమ్ మొదటి నోడ్ పేరు చెప్పింది. స్క్రిప్టు ఈ మూడో విలువ చూసి మెనూ ఎంచుకుంటే చాలు. ఎస్ఎస్‌హెచ్_క్లయింట్ అనే ఇంకో వేరియబుల్ పనికిరాదు, అందులో సర్వర్ ఐపీ ఉండదు. మీ స్క్రిప్టు మధ్యలో సుడోతో యూజర్‌ని మారుస్తుంది కాబట్టి అంతకుముందే ఈ విలువ చదివి పెట్టుకోవాలి. లేదా సుడో సెట్టింగుల ఫైలు సుడోయర్స్‌లో ఎన్వ్_కీప్ (తుడవకుండా ఉంచాల్సిన వేరియబుల్స్ జాబితా)కి చేర్చాలి, లేకపోతే సుడో దాన్ని తుడిచేస్తుంది. ముందు ప్రాక్సీ (కనెక్షన్‌ని మధ్యలో అందుకుని ముందుకు పంపే సర్వర్) ఉన్న చోట ఈ పద్ధతి చెల్లదు, అక్కడ ప్రాక్సీ తట్టిన ఐపీయే కనిపిస్తుంది. మా దగ్గర ప్రాక్సీ లేదు. పనిలో పనిగా ఎస్ఎస్‌హెచ్‌డీ (సర్వర్‌లో ఎస్ఎస్‌హెచ్ లాగిన్లు అందుకునే ప్రోగ్రాం) లాగ్‌లెవెల్‌ని ఇన్ఫో నుంచి వెర్బోస్‌కి మార్చండి. అప్పుడు ప్రతి కనెక్షన్‌కీ అటు ఐపీ, ఇటు ఐపీ రెండూ లాగ్‌లో పడతాయి, ఎవరు ఎటు వచ్చారో తర్వాతైనా తేల్చుకోవచ్చు.

ఇదంతా మేమే చేసుకునేవాళ్లం. కానీ సర్వర్ మీద పూర్తి అధికారమిచ్చే రూట్ పాస్‌వర్డ్ మీ చేతిలో ఉంది. మేం ఆ ఫైళ్లు ముట్టుకుంటే ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) చెల్లదని రాయించుకున్నదీ మీరే.

పాత సర్వర్ల కాలం నుంచీ మీ దగ్గరే కొంటున్నాం. వేరేవాళ్లు తక్కువ కోట్ చేసినా మిమ్మల్ని కాదనలేదు. ఆర్డరు ఇచ్చేటప్పుడు ఆదివారం కూడా ఫోన్ ఎత్తినవాళ్లు, ఆర్డరు అయ్యాక టికెట్ చదవడానికి కూడా తీరిక లేనట్టు ఉంటే ఆ నమ్మకం ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఈ నెలాఖరులోగా స్క్రిప్టు మారాలి. మార్చాక మా ఎదురుగా రెండో నోడ్‌ని స్టాండ్‌బైలో పెట్టి (పని ఆపించి), బ్రాంచి నుంచి లాగిన్ చేసి, జీతాల మెనూయే వస్తోందని చూపించాలి. కాకపోతే ఏఎంసీ తర్వాతి వాయిదా ఆపేస్తాం, రూట్ పాస్‌వర్డ్ అప్పగించమని రాతపూర్వకంగా అడుగుతాం, వచ్చే కొనుగోలుకి మీ కోట్ తీసుకోం. ఈసారి ఫోన్ చేసేవారు టికెట్ మొత్తం చదివాకే చేయాలి.

ఇట్లు,
సిస్టమ్స్ విభాగం