ఆ ఖాళీ గుంట సంగతి కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పనిలో ఇనుప ముక్క ఎగిరి కన్ను పోగొట్టుకున్న కుర్రాడి గురించి మొన్న మీ పేపర్లో చదివాను. చివర్లో ‘త్వరలో గాజు కన్ను అమరుస్తారు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ఒక్క ముక్క దాటడానికి నాకు దాదాపు 20 ఏళ్లు పట్టింది. అందుకే ఈ ఉత్తరం.

నేను దర్జీని. జీన్సు ప్యాంటు అంచు కుడుతుంటే మిషన్ సూది విరిగి ఎడమ కంట్లో గుచ్చుకుంది. చీము పట్టింది, మందులకు లొంగలేదు, చివరికి కన్ను తీసేశారు. అది తప్పని నేననను. చీము ఉన్నప్పుడు కంటిగుంటలో మరేదీ పెట్టకుండా ఆగడానికీ కారణం ఉంటుందట. కానీ పుండు మానాక మళ్లీ రావయ్యా, ఆ ఖాళీ నింపాలి అని చెప్పినవాళ్లు లేరు. అడగాలని నాకూ తెలియదు. కన్నే పోయిందన్న బెంగలో గుంట సంగతి ఎవరికి గుర్తొస్తుంది?

రెడీమేడ్ కన్ను ఒకటి పెట్టించుకున్నాను. రెడీమేడ్ చొక్కా ఎవరి ఒంటికీ సరిగ్గా కుదరదని వందసార్లు చెప్పినవాణ్ని!

గాజు కన్ను అంటే గోళీలా ఉంటుందనుకుంటారు. అది చిన్న చిప్పలాంటిది. ఇప్పుడు చాలావరకు గాజు కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ గాజు కళ్లు దొరక్క అమెరికాలో అక్రిలిక్‌తో చేయడం మొదలుపెట్టారు, ఆ ప్లాస్టిక్కే నిలిచిపోయింది. పెద్దవాళ్ల కంటిగుంటలో చోటు సుమారు 30 మిల్లీలీటర్లు, అందులో కనుగుడ్డుది 7 దాకా. అది పోయాక పైన పెట్టే చిప్ప ఆ ఖాళీని నింపలేదు. నింపాలని మందంగా చేస్తే బరువంతా కింది రెప్ప మీద పడుతుంది. నాకు జరిగింది అదే. కింది రెప్ప సాగి వేలాడింది, పై రెప్ప లోతుకు పోయింది. ఒకరోజు కస్టమరుకి కొలతలు తీస్తూ తుమ్మితే కన్ను ఊడి టేపు పక్కన పడింది. ఆయన మంచాయన, ఏమీ చూడనట్టు గోడకేసి చూశాడు. ఆ సాయంత్రమే దాన్ని బొత్తాల డబ్బాలో పడేశాను.

అది నేను చేసిన పెద్ద తప్పు. రెండేళ్ల తర్వాత మళ్లీ పెట్టబోతే రెప్పల వెనక చోటే లేదు. లోపలి పొర, తడిసిన కొత్త నూలు బట్టలా కుంచించుకుపోయింది.

కంటికి ప్లాస్టిక్ సర్జరీ చేసే డాక్టరమ్మ దగ్గర గానీ అసలు సంగతి తెలియలేదు. వీలున్నవాళ్లకు కన్ను తీసినప్పుడే 18 నుంచి 22 మిల్లీమీటర్ల బంతి లోపల పెట్టి, కంటిని తిప్పే కండరాలను దానికి కలిపి కుడతారట. అందుకే పైనున్న కన్ను కూడా కాస్త కదులుతుంది. రెప్పల వెనక చోటు ముడుచుకోకుండా కన్ఫార్మర్ అనే ప్లాస్టిక్ బిళ్ల ఉంచి, ఆరేడు వారాలకు పైన పెట్టే కన్ను కోసం అచ్చు తీస్తారు. మ్యూల్స్ అనే ఇంగ్లండు డాక్టరు 1880ల్లోనే బోలు గాజు బంతి పెట్టాడట. అంత పాత సంగతి నా దాకా రాలేదు!

నాకు బంతి కుదరదన్నారు. దాన్ని కప్పడానికి పొర చాలదు. పిరుదు మీద చర్మం పైపొర తీసేసి, కింది చర్మాన్ని కొవ్వుతో సహా తెచ్చి గుంటలో కుట్టారు. పెదవి లోపలి పొరతో రెప్ప వెనక అతుకు వేశారు. కొవ్వు కొంత కరిగిపోతుందని కాస్త ఎక్కువే పెట్టారు. ఉతికితే కుంచించుకుపోయే బట్టకు మేం కొలత పెంచి కోస్తాం, అదే లెక్క. కంటికంటే పెదవే ఎక్కువ ఏడిపించింది.

ఇప్పటి కన్ను రెడీమేడ్ కాదు, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని రంగులు కలిపి వేసినది. సన్న నరాల కోసం ఎర్ర దారపు పోగులు అతికిస్తుంటే నా దర్జీ ప్రాణం లేచొచ్చింది. కదలిక కుడి కంటిలో సగం కూడా లేదు, అయినా రెప్ప నిలబడింది, నీరు కారడం తగ్గింది. బీమా వాళ్లు మాత్రం ‘అందం కోసం’ అని బిల్లు తిప్పి పంపారు. మూతపడని రెప్ప, రోజూ తుడుచుకునే పుసి అందం సంగతులా?

పసిపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. గుంట ఖాళీగా ఉంటే చుట్టూ ఎముక సరిగ్గా ఎదగదు, ముఖం ఒక పక్క చిన్నదిగా ఉండిపోతుంది.

ఆ కుర్రాడి గురించి మళ్లీ రాసేటప్పుడు లోపల బంతి పెట్టారా, లేకపోతే ఎప్పుడు పెడతారు, ఈలోగా కన్ఫార్మర్ ఉందా అని డాక్టర్లను అడిగి రాయండి. మీ విలేకరి అతన్ని కలిస్తే, ఏది పెట్టినా డాక్టరు చెప్పకుండా తీసి పక్కన పడేయొద్దని నా మాటగా చెప్పమనండి. మిగిలిన కంటికి గట్టి పాలికార్బొనేట్ అద్దాలు కూడా పెట్టుకోమనండి. నేనిప్పుడు అవి లేకుండా మిషన్ తొక్కను.

ఇట్లు
ఒక దర్జీ
(పేరు వేయవద్దని మనవి)