అప్రమత్తత మాకేనా, బ్యాంకులకు అక్కర్లేదా?

అయ్యా,

పోయిన వారం మీ జిల్లా పేజీలో 'సైబర్ మోసాలపై వ్యాపారులు అప్రమత్తంగా ఉండాలి' అన్న వార్త చదివాను. ఆ రోజే రాద్దామనుకున్నా పెళ్లిళ్ల గిరాకీతో తీరలేదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, తెలియని లింకులు నొక్కొద్దు... సదస్సు పెట్టి, శాలువాలు కప్పుకొని చెప్పింది ఇంతే. ఇది బడిపిల్లలకూ నోటికి వచ్చిన పాఠం. ఎవడో దొంగ కార్డుతో పైసలు కట్టి సరుకు పట్టుకుపోతే ఆ నష్టం దుకాణదారు నెత్తిన ఎందుకు పడుతున్నదో అందులో ఒక్క ముక్క లేదు.

కొత్తవాడలో మా వరుసలోనే జరిగింది. కొత్త హోటల్ పెడుతున్నామని ఒకాయన ఫోన్ చేశాడు. జంపఖానాల ఫొటోలు తెప్పించుకున్నాడు, అంచు రంగు మార్పించాడు, బేరం కూడా గట్టిగానే ఆడాడు. బేరమాడే దొంగ ఉంటాడని ఎవరనుకుంటారు? బ్యాంకు ఇచ్చిన పేమెంట్ లింకు పంపితే కార్డుతో కట్టాడు. ఖాతాలో సొమ్ము పడింది చూసుకున్నాకే బేళ్లు కట్టి ట్రాన్స్‌పోర్టులో వేశారు. నెలలు గడిచాక బ్యాంకు నుంచి ఇంగ్లిషులో ఒక మెయిల్: అసలు కార్డుదారు ఈ కొనుగోలు తనది కాదన్నాడు, సొమ్ము వెనక్కి తీసుకున్నాం. పైగా దానికో ఫీజు. సరుకూ పోయె, సొమ్మూ పోయె.

అది విదేశీ కార్డట. మన దేశపు కార్డుకైతే ఆన్‌లైన్‌లో ఓటీపీ అడుగుతుంది. బయటి దేశాల్లో ఇచ్చిన కార్డులకు చాలాసార్లు అది లేకుండానే పైసలు కదులుతాయి. ఈ సంగతి ఆ లింకు అంటగట్టిన రోజు బ్యాంకువాళ్లు చెప్పారా? సంతకాలు పెట్టిన కాయితాల్లో ఎక్కడో ఉందట, భూతద్దం పెడితే తప్ప కనిపించని అక్షరాల్లో.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, మీ ఖాతా నుంచి మోసగాడికి పైసలు పోలేదు కదా, బ్యాంకుతోనే తేల్చుకోండన్నారు. బ్యాంకుకు పోతే ఎఫ్‌ఐఆర్ కావాలి. ఠాణాకు పోతే బ్యాంకు లెటర్ కావాలి. కార్డు గీకే మిషన్ పెట్టేటప్పుడు దుకాణం చుట్టూ తిరిగి 'అన్నా, అన్నా' అన్న బ్యాంకు పిల్లగాడు ఇప్పుడు ఫోన్ ఎత్తడు. బ్రాంచి మారిండట.

కార్డుదారుకు రక్షణ వద్దని నేననడం లేదు. బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేని మోసంలో మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే ఆయనకు పైసా నష్టం ఉండదని 2017లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం ఎప్పుడంటే అప్పుడు ఆపుకొనే వీలు కూడా 2020లో ఇప్పించింది. మంచిదే. క్రెడిట్ కార్డు గీకితే వందకు రెండు రూపాయల దాకా కమీషన్, ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ, నెలనెలా మిషన్ కిరాయి కట్టే మాకేమిచ్చారు? గల్లా మీద అంటించుకోను స్టిక్కర్లు.

సదస్సులో చెప్పాల్సినవి లేక కాదు. కార్డు చేతికొచ్చి, చిప్ పెట్టి, గిరాకీ తానే పిన్ కొడితే దుకాణదారుకు భయం తక్కువ. ముప్పంతా ముఖం చూడని బేరంలోనే. 'పొరపాటున ఎక్కువ కట్టాను, మిగిలినవి మా డ్రైవర్‌కు యూపీఐలో పంపండి' అంటే ససేమిరా అనాలి. వాపసు ఇస్తే ఏ కార్డు నుంచి వచ్చిందో ఆ కార్డుకే ఇవ్వాలి. బిల్లు, ట్రాన్స్‌పోర్టు రసీదు, సరుకు అందుకున్నవాడి సంతకం దాచిపెట్టి, బ్యాంకు మెయిల్ వస్తే గడువులోపు పంపాలి. గడువు దాటితే మన వాదన వినేవాడే ఉండడు. ఈ నాలుగు ముక్కలు తెలుగులో అచ్చేసి మిషన్‌తో పాటు ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది? శాలువాల కంటే తక్కువే.

ఇంకో అన్యాయం. ఎవడో మోసపు సొమ్ములోంచి మన క్యూఆర్‌కు కొట్టి చీర కొనుక్కుపోతాడు. కొన్నాళ్లకు వేరే రాష్ట్రపు ఠాణా మాట మీద మన ఖాతాకే తాళం పడుతుంది. కూలోళ్లకు ఇవ్వను పైసలుండవు. అడిగితే అక్కడికే పోయి మాట్లాడుకోమంటారు. దుకాణం మూసుకొని, భాష రాని ఊళ్లో, ఎవరి కాళ్లు పట్టుకోవాలె? 2016 నుంచి మనది స్మార్ట్ సిటీ. ట్రేడ్ లైసెన్సు బకాయి మెసేజ్ మాత్రం తారీఖు తప్పకుండా వస్తుంది, అందులో ఏ పొరపాటూ ఉండదు.

మీ విలేకరి మళ్లీ ఇలాంటి సదస్సుకు వెళ్తే వేదిక మీది బ్యాంకు సార్లను ఒక్కటి అడగమనండి: విదేశీ కార్డులు వద్దనుకునే దుకాణదారు తన లింకులో వాటిని తానే ఆపుకొనే వీలు ఎక్కడుంది, దాన్ని మిషన్ ఇచ్చిన రోజే ఎందుకు చూపించరు? జవాబు వస్తే అదే పేజీలో వేయండి.

— ఒక చిరు వ్యాపారి, కొత్తవాడ, వరంగల్