హంపి చూడటానికి ప్యాకేజీ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

సెలవులొస్తే చాలు, ఎక్కడ చూసినా హంపి ప్యాకేజీల ప్రకటనలే. కిందటేడు మేమూ ఒకదానికి డబ్బు కట్టాం. విఠలాలయంలో అరగంట, రాతి రథం ముందు ఒక ఫొటో, ఇక బస్సెక్కండి అన్నారు. రాయలేలిన నగరాన్ని చూడటం అంటే ఇదేనా? ఆ ఉక్రోషంతోనే ఈసారి సొంతంగా వెళ్లొచ్చాం, ఖర్చు సగం కూడా కాలేదు.

రైల్లో హొసపేటె దిగితే హంపి 13 కిలోమీటర్లే, బస్సులున్నాయి. పురావస్తు శాఖ వాళ్ల 40 రూపాయల టికెట్ ఒక్కటి కొంటే విఠలాలయం, కమల మహల్ ఉన్న జనానా ఆవరణ, కమలాపురం మ్యూజియం మూడూ చూడొచ్చు, 15 ఏళ్ల లోపు పిల్లలకు అదీ అక్కర్లేదు. కాకపోతే ఆ టికెట్ ఆ ఒక్కరోజుకే, పైగా మ్యూజియానికి శుక్రవారం సెలవు. అందుకే ఆ మూడూ ఒకే రోజు పెట్టుకుని, టికెట్ లేని హేమకూటం, మాతంగ పర్వతం, ఉగ్ర నరసింహుడు ఇంకో రోజుకి ఉంచుకున్నాం.

విరూపాక్షాలయం వెనక చీకటి గదిలో, చిన్న కంతలోంచి పడే వెలుగుకి గోపురం నీడ గోడ మీద తలకిందులుగా కనబడుతుంది. మా అమ్మాయి అక్కడి నుంచి కదిలితే ఒట్టు! (ప్యాకేజీలో అది లేనే లేదు.)

మీ ఆదివారం సంచికలో రిసార్టుల ఫొటోలు కాస్త తగ్గించి బస్సు వేళలు, టికెట్ ధరలు, సెలవు రోజులు వేయండి. ఎండాకాలం వెళ్లొద్దని కూడా రాయండి, ఆ బండల మీద కాలు పెట్టలేం.

– ఒక పాఠకురాలు