మేకుకి వేలాడుతున్న బెల్టు: కార్మిక శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

నేను నిజాంపేటలో ఉంటాను. మా బాల్కనీకి ఎదురుగా ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేస్తోంది. పోయిన నెల అక్కడ ప్లాస్టరింగ్ చేస్తున్న కుర్రాడు నాలుగో అంతస్తు పరంజా మీంచి జారి రెండో అంతస్తు సజ్జ మీద పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ తుంటి విరిగింది.

వాచ్‌మన్ గదిలో సేఫ్టీ బెల్టు మేకుకి వేలాడుతోంది. ప్లాస్టిక్ కవర్ కూడా విప్పలేదు. ఎందుకు కట్టుకోలేదని మేస్త్రిని అడిగితే, "కొక్కెం దేనికి తగిలించాలి సార్, ఈ సర్వి కర్రకా?" అన్నాడు. న్యాయమే కదా. పరంజా కూలితే దానికి తగిలించిన బెల్టూ దాంతోపాటే పోతుంది. తాడు విడిగా, గట్టి కాలమ్‌కి కట్టాలి. పొద్దున ఏడింటికి లేబర్ అడ్డాలో ఆటో ఎక్కి, ఎనిమిదింటికి పరంజా ఎక్కేవాడికి ఈ మాట ఎవరు చెబుతారు?

పెద్ద టవర్లలో సేఫ్టీ ఆఫీసర్లుంటారు. మన గల్లీ అపార్ట్‌మెంట్లలో మేస్త్రీయే ఇంజినీరు, మేస్త్రీయే డాక్టరు.

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లోనే చట్టం వచ్చింది. నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్ కడుతున్నాం, నా ఇంటికి నేనూ కట్టాను. అందులో కొంతతో అడ్డాల దగ్గరే శిక్షణ పెట్టించండి. తెలుగుతోపాటు హిందీ, ఒడియాల్లోనూ. సంతకాలు తీసుకుని పంపేయడం కాదు, బెల్టు వేసి, కొక్కెం తగిలించి చూపించాలి. లిఫ్ట్ గుంతకీ, స్లాబ్ అంచులకీ అడ్డుకర్రలు లేనిచోట పని ఆపించండి.

నిన్న ఎదురు బిల్డింగ్‌లో పని మళ్లీ మొదలైంది. బెల్టు ఇంకా మేకుకే ఉంది. వీలైతే ఈ వారమే ఎవరినైనా పంపండి.

ఇట్లు,
నిజాంపేట నివాసి